చిక్కు వెంట్రుకలకి స్టీలు గిన్నె

పర్లాకిమిడిలో మా వీధికి నెలకోసారైనా ఒక సైకిలు వస్తుంది. వెనక క్యారియర్ మీద స్టీలు సామాన్ల గంప, హ్యాండిలుకి వేలాడుతూ ఒక గోనె సంచి. "చిక్కు వెంట్రుకలకి స్టీలు సామాన్లూ" అని సాగదీసి పిలుస్తాడు. వెంటనే అదే మాట ఒడియాలో. ఆ కేక వినపడితే చాలు, మా అమ్మ గోడ గూట్లో పేపర్లో చుట్టి దాచిన జుత్తు ఉండ పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళిపోతుంది.

"ఏటి బావూ, ఇంత జుత్తుకి ఈ చిన్న గిన్నేనా?"

"సగం నెరిసిన జుత్తే కదమ్మా. నల్లదైతే రేటొస్తాది."

అరగంట బేరమయ్యాక, ఏడాదిపాటు దువ్వెనకి వచ్చిన జుత్తు అతని సంచిలోకీ, ఒక టీ గిన్నె మా వంటింట్లోకీ చేరతాయి.

మొన్న ఈ బేరం జరుగుతుండగానే, బరంపురంలో డిగ్రీ చదువుతున్న మా చెల్లి కూతురు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. గోడకి టేపుతో అంటించిన అరటిపండు. "62 లక్షల డాలర్లంట మావయ్యా. ఇది కూడా ఆర్టేనా?" అంది. కోపంగానే అంది. ఆ కోపం చాలామందికి ఉంది, అందులో న్యాయమూ ఉంది. నేను అరటిపండు జోలికి పోకుండా గుమ్మం వైపు చూపించాను. ఆ సైకిలు మీదున్న రెండు సరుకులూ, వెంట్రుకలూ స్టీలు గిన్నెలూ, మన దేశంలో పేరున్న ఇద్దరు కళాకారులు ఏళ్ళ తరబడి వాడిన ముడిసరుకు. అరటిపండు సంగతి తేలాలంటే ముందు వీటి సంగతి తేలాలి.

షీలా గౌడ 1957లో కర్ణాటకలోని భద్రావతిలో పుట్టారు. నేర్చుకున్నది చిత్రలేఖనం. కాన్వాస్ మీద నూనె రంగులతో బొమ్మలు వేసేవారు. 1990ల మొదట్లో, అయోధ్య గొడవలూ ఆ తర్వాతి అల్లర్లూ దేశాన్ని కుదిపేసిన రోజుల్లో, ఆమె రంగులు పక్కన పెట్టి ఆవు పేడ చేతిలోకి తీసుకున్నారు. మన ఇళ్ళలో పేడంటే ఏమిటి? పొద్దున్నే కళ్ళాపి, మధ్యాహ్నం గోడకి కొట్టిన పిడకలు, పండగనాడు గొబ్బెమ్మలు. పూజకీ పొయ్యికీ ఒకే పేడ. దాన్ని ఎత్తి, కలిపి, చరిచేది ఎక్కువగా ఆడవాళ్ళ చెయ్యి. ఆ సరుకు బొమ్మలోకి వస్తే ఇవన్నీ దాంతోపాటే వస్తాయి. గోధుమ రంగు పెయింటుకి ఆ శక్తి ఎక్కడిది?

ఆ తర్వాత ఆమె పట్టుకున్నది వెంట్రుకలు. ఇటలీలోని వెనిస్‌లో రెండేళ్ళకోసారి జరిగే కళాప్రదర్శన, వెనిస్ బినాలే. 2009లో అక్కడ పెట్టిన కృతిలో సుమారు నాలుగు కిలోమీటర్ల పొడవున్న జుత్తు తాడు, కార్ల స్టీలు బంపర్లు ఉన్నాయి. తాడు కుప్పలు కుప్పలుగా నేలమీదికి జారుతూ, బంపర్లని మోస్తున్నట్టు ఉంటుంది. బయటి దేశాలవాళ్ళకి అది చూడగానే వింత. మనకి కాదు. లారీకో ఆటోకో దిష్టి తగలకుండా కట్టే నల్ల తాడు మనం రోజూ చూసేదే. ఆ తాడు పేనేది మనుషుల జుత్తుతో. అందులో చాలా భాగం గుళ్ళలో మొక్కు చెల్లించుకున్న తలనీలాలు. పొడుగు జడలు విగ్గుల కోసం విదేశాలకు పోతాయి, పొట్టి తుంపులు తాళ్ళవుతాయి.

ఆ తాడుని కాస్త దగ్గరికి తెచ్చుకుని చూడండి. ఒక పోగు బిడ్డ జబ్బు తగ్గినందుకు ఇచ్చిన జుత్తు. ఇంకొకటి ఉద్యోగం వచ్చినందుకు. మరొకటి పెళ్ళి కుదరాలని. ఎవరి మొక్కో తెలియదు, ఎవరి బండినో కాపాడుతోంది. ఒకరి భక్తి ఇంకొకరి భయానికి కవచం అయింది. నాలుగు కిలోమీటర్ల తాడంటే అలాంటివి ఎన్ని వేల తలలో. పల్చటి వెంట్రుక అంత బరువైన ఇనుముని ఆపుతుందన్న నమ్మకాన్ని ఆమె మాటల్లో చెప్పలేదు. ఆ రెండిటినీ ఒకదానికొకటి తగిలించి ఊరుకున్నారు.

ఇలాంటి కళాకృతి ఎదురైనప్పుడు నేను వాడే పరీక్ష ఒకటుంది. సరుకు మార్చి చూడటం. అదే తాడు, అదే పొడవు, అదే నలుపు, కానీ నైలాన్‌తో చేశారనుకోండి. ఏం మిగిలింది? తాడు మిగిలింది. మొక్కులు పోయాయి, దిష్టి పోయింది, తలలు పోయాయి. చింతపండు తీసేసిన పులుసు. సరుకు మారిస్తే అర్థం కూలిపోతోందంటే, అక్కడ సరుకే మాట్లాడుతోందని లెక్క. తెలుగులో 'పదార్థం' అన్న మాట నాకు అందుకే ఇష్టం. పదం, అర్థం, రెండూ కలిస్తేనే పదార్థం. వస్తువుకీ మాటకున్నట్టే అర్థం ఉంటుందని మన భాష ఎప్పుడో ఒప్పుకుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది, దాన్ని దాటెయ్యకూడదు. మన పేపర్లలో తరచూ వార్తలొస్తాయి: బియ్యపు గింజ మీద పేర్లు, పెన్సిల్ ములుకు మీద దేవుడి విగ్రహం, అగ్గిపుల్లలతో తాజ్‌మహల్, రావి ఆకు మీద నాయకుడి ముఖం. వాళ్ళ ఓర్పుకి, చేతి నిలకడకి నేను చెయ్యెత్తి నమస్కరిస్తాను. కానీ నా పరీక్ష పెట్టి చూస్తే ఆ పనుల్లో చాలావాటిలో సరుకు కేవలం కష్టాన్ని పెంచే అడ్డంకి. అగ్గిపుల్లల బదులు చీపురుపుల్లలు వాడినా మనం ఆశ్చర్యపోయేది దేనికో దానికే: ఎంత ఓపికో! అది నైపుణ్యం, దాని విలువ దానికి ఉంది. షీలా గౌడ తాడు దగ్గర ఎవరూ ఎంత ఓపికో అనరు. ఇది ఎవరి జుత్తు అని అడుగుతారు. 'వింత సరుకు' అన్న ఒకే ముద్ర వేసి ఈ రెండిటినీ ఒకే గాట కట్టడం వల్లే సగం గందరగోళం.

ఇక స్టీలు. సుబోధ్ గుప్తా 1964లో పట్నా పక్కన ఖగౌల్‌లో పుట్టారు. 2006లో స్టీలు గిన్నెలు, బకెట్లు, క్యాన్లు, గరిటెలు కలిపి ఒక పెద్ద పుర్రె చేశారు. తళతళలాడే పుర్రె. 2008లో వంట సామాన్లతోనే, అణుబాంబు పేలినప్పుడు లేచే పుట్టగొడుగు మేఘం. ఇవి చూసి ఏమనాలో తెలియకపోతే మీ ఇంటి అటక ఎక్కండి. మా అమ్మ తరంలో కంచు, ఇత్తడి సామాను తూకానికి ఇచ్చేసి స్టీలు కొనుక్కున్నారు. పెళ్ళి సారెలో స్టీలు బిందె లేకపోతే నలుగురూ నాలుగు మాటలనేవారు. స్టీలంటే తరగని మెరుపు, చింతపండు పెట్టి తోమక్కర్లేని సుఖం, మధ్యతరగతికి ఎక్కామన్న ధీమా. ఆ ధీమా గుర్తులన్నీ కలిపి ఖాళీ కళ్ళ పుర్రె చేస్తే, అందులో ప్రతి గిన్నె మీదా చూసేవాడి ముఖమే కనపడుతుంది. తిండి లేని గిన్నె ఎంత మెరిస్తే మాత్రం ఏం లాభం అన్న ప్రశ్న వినపడుతుంది. పుర్రెని పాలరాయితో చెక్కి ఉంటే అది మామూలు పుర్రె అయ్యేది.

భారతి ఖేర్ వాడింది స్టిక్కర్ బొట్లు. 2006లో నేలమీద కూలబడిన ఆడ ఏనుగు బొమ్మ ఒంటినిండా బొట్లు అంటించారు. పగిలిన అద్దాల మీద కూడా. ఈ రెండోది మా ఇంట్లో ఎవరికీ వివరించక్కర్లేదు. స్నానాలగది అద్దం మూలకి రాత్రి అంటించి పొద్దున మళ్ళీ తీసి పెట్టుకునే బొట్టు, జిగురు పోయాక అక్కడే ఉండిపోయిన బొట్లు, అమ్మమ్మ పోయాక కూడా ఆవిడ అద్దం మీద మిగిలిన మెరూన్ చుక్క. నేను ఆ అద్దాన్ని ఇప్పటికీ తుడవలేదు.

అసలిదంతా ఎప్పుడు మొదలైంది? పుస్తకాల్లో సాధారణంగా చెప్పే లెక్క ఇది: 1912లో పికాసో ఒక బొమ్మలో అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్క అతికించి, చుట్టూ ఫ్రేముకి బదులు తాడు చుట్టాడు. 1917లో ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డ్యూషాంప్ ఒక మూత్రశాల పింగాణీ బేసిన్‌ని ప్రదర్శనకి పంపాడు, నిర్వాహకులు పెట్టనివ్వలేదు. 1967లో ఇటలీలో, మట్టి, గుడ్డపీలికలు, బొగ్గు లాంటి చవక సరుకులతో పనిచేసే కుర్రవాళ్ళకి ఒక విమర్శకుడు 'పేద కళ' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. లెక్క సరైనదే. కానీ రోజూ వాడే సరుకు కళలోకి రావచ్చన్న ఆ వాదం ఏమిటో తెలుసుకోవడానికి పర్లాకిమిడివాళ్ళు పారిస్ దాకా పోనక్కర్లేదు.

గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసింది ఇక్కడుండగానే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన జీవితమంతా పోట్లాడింది ఒకే మాట మీద: వంటింట్లో, సంతలో, పొలంలో మాట్లాడే తెలుగు పుస్తకంలోకి ఎందుకు రాకూడదు? ఎదుటివాళ్ళ జవాబు: అది రోజూ వాడే భాష కాబట్టి. రోజూ వాడేది కాబట్టే అందులో ప్రాణం ఉందని ఆయన వాదన. పేడ, జుత్తు, గిన్నె పట్టుకున్న కళాకారుల పోట్లాట అచ్చం ఇదే. నూనె రంగు, పాలరాయి, కంచు వాళ్ళకి గ్రాంథికం. నేనీ వ్యాసం ఈ తెలుగులో రాయగలుగుతున్నానంటే పంతులుగారు గెలిచారు కాబట్టి. అలాంటప్పుడు కళలో అదే మాటని కాదనడానికి నాకు నోరు రాదు.

ఇదే ఊళ్ళో ఇంకో పాత పనుంది, కొమ్ము పని. గేదె కొమ్ముతో కొంగలు, నెమళ్ళు, రొయ్యలు, దువ్వెనలు చేసే మహారాణా కుటుంబాలవాళ్ళు ఇప్పటికీ కొందరున్నారు. పోయిన చలికాలం ఒక పెద్దాయన పని దగ్గర ఒక పూటంతా కూర్చున్నాను. కొమ్ము మొదట్లో బోలుగా ఉంటుంది, కొసకి వచ్చేసరికి గట్టిగా నిండి ఉంటుంది. బోలు భాగాన్ని చీల్చి, కాచి, చదును చేస్తే దువ్వెన. గట్టి కొస కొంగ అవుతుంది. ఆయన కొమ్ము ముక్కని నిప్పుల మీద తిప్పుతుంటే గదంతా వాసన, ఎక్కడో బాగా ఎరిగిన వాసన. కాసేపటికి తట్టింది, జుత్తు కాలిన వాసన. తట్టక ఏమవుతుంది? కొమ్ము, గోరు, వెంట్రుక మూడూ ఒకే పదార్థం, కెరటిన్. వేడి తగిలేసరికి రాయిలాంటి కొమ్ము మెత్తబడింది. గుడ్డతో పట్టుకుని ఒక్క ఊపులో వంచి, ఊపిరి బిగబట్టి అలాగే ఉంచారు. చల్లారేసరికి అది కొంగ మెడ. తర్వాత ఆకురాయితో గంటసేపు అరగదీత. నలుపులోంచి తేనెరంగు చార ఒకటి బయటికొచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, చార కొంగ కంఠం మీద పడేలా ముక్కుని కాస్త ఎడమకి జరిపారు.

"మీరు ముందే అనుకున్నారా ఈ చార ఇక్కడ రావాలని?" అనడిగాను.

"నేననుకుంటే వస్తాదా? కొమ్ము ఎలా చెప్తే అలా," అన్నారు.

కొమ్ము చెప్తుంది, ఆయన వింటారు. పెద్ద మ్యూజియంలవాళ్ళు కేటలాగుల్లో నాలుగు పేజీలు రాసేది ఈ సంగతే. మరి తాడుని కళ అనీ, కొంగని హస్తకళ అనీ ఎందుకు విడదీస్తున్నాం? సరుకు తేడానా? రెండూ కెరటినే. నైపుణ్యం తేడానా? కొంగదే ఓ పిసరు ఎక్కువ. నాకు కనపడే నిజమైన తేడా ఒకటి: కొంగ చేసేవాడు కొమ్ములోంచి కొంగని బయటికి తెస్తాడు, మనం కొంగని చూసి కొమ్ముని మరిచిపోవాలనుకుంటాడు. షీలా గౌడ తాడుని తాడుగానే ఉంచి, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో మరిచిపోనివ్వరు. ఇది పద్ధతిలో తేడా. పెద్ద చిన్న తేడా కాదు. దీన్ని అంతస్తుల తేడాగా మార్చింది మార్కెట్.

ఈ అంతస్తుల్ని పట్టించుకోని వాళ్ళూ ఉన్నారు. శిల్పి మీరా ముఖర్జీ (1923–1998) జర్మనీలో చదువుకుని వచ్చి, మన కొరాపుట్‌కి ఆనుకునే ఉన్న బస్తర్‌లో లోహపు బొమ్మలు పోతపోసే ఘడువాల దగ్గర మైనపు పోతల డోక్రా పని నేర్చుకున్నారు. ఆ చేతిపనిలోంచే తన శిల్పం పుట్టిందని దాచుకోలేదు. ఘానాలో పుట్టి నైజీరియాలో పనిచేసిన ఎల్ అనాట్సుయి సారా సీసాల మూతలు సాగగొట్టి, రాగి తీగతో కుట్టి, గోడంత దుప్పట్లు చేశాడు. దూరం నుంచి బంగారు జరీ చీర, దగ్గరికెళ్తే బ్రాందీ పేర్లు. మా అమ్మ పాత చీరలతో బొంత కుట్టే పద్ధతే. కాకపోతే ఐరోపావాళ్ళు ఆఫ్రికాకి సారా తెచ్చి మనుషుల్ని కొనుక్కుపోయిన చరిత్ర ఆ మూతల కింద ఉంది. 2015లో వెనిస్‌లో ఆయనకి జీవితకాల కృషికి గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చారు.

ఇలాంటి సరుకుతో ఇంకో తలనొప్పి, అది పాడైపోతుంది. 1991లో ఇంగ్లండ్ కళాకారుడు డేమియన్ హర్స్ట్ ఒక టైగర్ షార్క్‌ని గాజు తొట్టెలో, చచ్చిన జీవాల్ని పాడవకుండా ఉంచే ఫార్మాల్డిహైడ్‌లో ఉంచాడు. కొన్నేళ్ళకే నీళ్ళు మురికెక్కి చేప కుళ్ళడం మొదలైంది. 2006లో కొత్త చేపని పెట్టారు. ఇప్పుడున్నది పాత కృతేనా, కొత్తదా? పడమటి విమర్శకులు దీని మీద చాలా కాగితం ఖర్చుపెట్టారు. మా నాయనమ్మని అడిగితే ఒక్క నిమిషంలో తేల్చేసేది. పూరీ జగన్నాథుడికి అధిక ఆషాఢం వచ్చిన ఏట నవకళేబరం చేస్తారు, 1996లో జరిగింది, 2015లో జరిగింది. వేప దారువుతో కొత్త విగ్రహాలు వస్తాయి, పాత విగ్రహాల్లోని బ్రహ్మపదార్థం కొత్తవాటిలోకి మారుతుంది, దేవుడు ఆయనే. చెక్క మారితే స్వామి మారిపోయాడని ఇక్కడ ఎవరూ అనరు. హర్స్ట్ చేపలో మారకుండా నిలిచే బ్రహ్మపదార్థం ఏమిటన్నది నాకింకా ప్రశ్నే. జగన్నాథుడి విషయంలో ఆ ప్రశ్నకి ఊరంతటి దగ్గరా జవాబుంది.

గజపతి, రాయగడ కొండల్లో సవరల ఇళ్ళ గోడలు కూడా ఇదే చెప్తాయి. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి ముద్దతో, నలగ్గొట్టిన వెదురుపుల్లతో ఇడితల్ బొమ్మలు వేస్తారు. పోయిన పెద్దల కోసం, జబ్బు తగ్గాలని, పంట బాగుండాలని. గిరిజనుల జీవితాన్ని పరిశోధించిన వెరియర్ ఎల్విన్ 1951లో అచ్చువేసిన పుస్తకంలో ఈ గోడల మీద రైళ్ళు, విమానాలు, సైకిళ్ళు కూడా ఎక్కాయని రాశాడు. పొగచూరుతుంది, వానకి తడుస్తుంది, పిండి రాలిపోతుంది. మళ్ళీ అవసరం వస్తే మళ్ళీ వేస్తారు. బొమ్మ నిలవడం ముఖ్యం కాదు వాళ్ళకి, పెద్దలకి చోటు దొరకడం ముఖ్యం. ఇప్పుడు అవే బొమ్మలు గుడ్డ మీద, యాక్రిలిక్‌తో, బెడ్‌షీట్ల మీద, హోటల్ గోడల మీద దొరుకుతున్నాయి. చూడ్డానికి బాగుంటాయి, గీసినవాళ్ళకి నాలుగు డబ్బులొస్తాయి, రావాలి కూడా. అయినా నా పరీక్ష పెడితే, బియ్యప్పిండి పోయినప్పుడు పెద్దలకి పెట్టిన అన్నం కూడా పోయింది. ఇది నాకు బాధగానే ఉంటుంది.

జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ లైబ్ అనే ఆయన తన ఊరి చుట్టూ పూల పుప్పొడిని స్వయంగా సేకరించి సీసాల్లో దాస్తాడు. ప్రదర్శనలో నేలమీద జల్లెడతో రాల్చి పసుపు చతురస్రం వేస్తాడు, అయ్యాక మళ్ళీ ఎత్తి సీసాల్లో పోసుకుంటాడు. పాలరాయి పలక మీది సన్నటి పల్లంలో రోజూ పాలు నింపే కృతి కూడా ఆయనదే. ముగ్గు వేసేవాళ్ళకీ, అభిషేకం చేసేవాళ్ళకీ ఈయన్ని పరిచయం చేయక్కర్లేదు. ఈయనకి మదురై దగ్గర కూడా ఒక స్టూడియో ఉంది.

ఇప్పుడు అరటిపండు. 2019లో అమెరికాలోని మయామీలో ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ దాన్ని గోడకి అంటించాడు, లక్షా 20 వేల డాలర్లకి అమ్ముడైంది. 2024 నవంబర్లో న్యూయార్క్ వేలంలో 62 లక్షల డాలర్లు. కొన్నాయన పండు తినేశాడు కూడా. తింటే నష్టమేం లేదు, ఎందుకంటే కొన్నది పండుని కాదు. ఎలా అంటించాలో సూచనలున్న సర్టిఫికెట్‌ని. పండు ఎప్పటికప్పుడు బజార్లో కొనుక్కోవచ్చు.

"అంటే ఇందులో సరుకు కాగితమా మావయ్యా?" అంది పిల్ల.

అవును, కాగితం. కాగితం మీద నమ్మకం. భూమి పట్టా, కరెన్సీ నోటు లాంటిదే. అరటిపండు బదులు దోసకాయ పెట్టినా పెద్దగా ఏమీ మారదు, సర్టిఫికెట్ తీసేస్తే మాత్రం మొత్తం కూలిపోతుంది. అది అడిగే ప్రశ్న ధర గురించి. ఆ ప్రశ్న అవసరమైనదే, కాకపోతే నాకు ఒక్కసారి వింటే సరిపోయింది. జుత్తు తాడు దగ్గరికి మాత్రం పదిసార్లు వెళ్తాను.

ధర మాట వచ్చింది కాబట్టి పేరు మాట కూడా. 2010లో చైనా కళాకారుడు అయ్ వెయ్‌వెయ్ లండన్‌లో 10 కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజలు పరిచాడు. ప్రతి గింజా చేత్తో చేసి, చేత్తో రంగు వేసినది. చైనాలో పింగాణీకి పేరుపడ్డ ఊరు జింగ్‌డెజెన్‌లో సుమారు 1,600 మంది చేశారు. కృతి కింద ఉన్న పేరు మాత్రం ఒక్కటే. ఆలోచన ఆయనదే, సందేహం లేదు. అయినా అంతమంది చేతులు ఒక పేరు వెనక ఉన్నాయన్నది గుర్తుంచుకుని చూడటం చూసేవాడి బాధ్యత అనుకుంటాను. కొమ్ము పనిలో ఇది ఇంకా తలకిందులు. అక్కడ ఆలోచన, చెయ్యి, కళ్ళు అన్నీ ఒక్కరివే. పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఆ రోజు కొంగ పూర్తయ్యాక నూనె గుడ్డతో తుడిచి నా చేతిలో పెట్టారు. తిప్పి అడుగున చూశాను, నున్నగా ఉంది. "ఇక్కడ మీ పేరు చెక్కివ్వండి," అన్నాను. ఇంతవరకు ఎవరూ అడగలేదన్నారు. సన్న ఉలి వెతికి తీసి, కొంగని ఒళ్ళో బోర్లా పెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని నావైపు చూశారు.

"ఒడియాలో రాయనా, తెలుగులోనా?"

"మీ చేతికి ఏది అలవాటైతే అది," అన్నాను. ఆయన ఒడియాలో మొదలుపెట్టారు. రెండక్షరాలు అయ్యాక ఆగి, ఉలి కొసతో కొమ్ము పొడి ఊదేసి, మూడో అక్షరానికి చోటు సరిపోతుందా లేదా అని బొటనవేలితో కొలుచుకున్నారు.